నాటు కుక్కకు టీకా అక్కర్లేదన్నదెవరు?

సంపాదకులకు నమస్కారం.

వీధికుక్కల మీద చర్చ వేడెక్కినప్పుడల్లా పత్రికల్లో ఒక సలహా కనిపిస్తుంది. వేలకు వేలు పోసి జాతికుక్కను కొనే బదులు నాటు పిల్లనో, క్రాస్ పిల్లనో తెచ్చుకోండి, ఖర్చుండదు, రోగాలు రావు, పెట్టింది తింటుంది అని. తెచ్చుకోమనడంతో మాకు పేచీ లేదు. ఇంటికి, పిల్లలకి, మన ఎండలకి క్రాస్ కుక్క చక్కగా సరిపోతుంది. రోగాలు రావన్న మాటతోనే చిక్కు. ఆ మాట నమ్మి తెచ్చిన కుక్కపిల్లలు మూడు నెలలు నిండకుండానే పార్వో అనే వైరస్ జబ్బుతో పోతున్నాయి.

ముందు ఒక తేడా చెప్పాలి. నిలబడ్డ చెవులు, మెలితిరిగిన తోక, పొట్టి వెంట్రుకలు, ఎక్కువగా గోధుమ రంగు ఒళ్లు ఉండే మన ఊరకుక్క, అంటే నాటు కుక్క, మిశ్రమజాతి కాదు. ఎవరూ ఏరి కట్టించకపోయినా, ఇక్కడి ఎండకూ ఆకలికీ తట్టుకున్నవే మిగిలి తరతరాలుగా ఆ రూపానికి వచ్చింది. పట్నాల్లో వదిలేసిన పొమరేనియన్లు, లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు దీనితో కలిస్తే పుట్టేవే మనం క్రాస్ అనేవి. చెవి సగం వాలి ఉంటుంది, తోక గుబురుగా ఉంటుంది, కాళ్లు ఒకరివి, మొహం మరొకరిది. ఈ రెండు రకాలనూ ఒకే గాటన కట్టి మాట్లాడితే సలహా తప్పుతుంది. ఊరకుక్క పిల్ల పెద్దయ్యాక 15 నుంచి 20 కిలోల దగ్గర ఆగుతుందని చాలావరకు చెప్పొచ్చు. క్రాస్ పిల్ల పదికి ఆగొచ్చు, ముప్ఫై దాటొచ్చు.

ఆరోగ్యం సంగతికి వద్దాం. జాతి నిలబెట్టడానికి దగ్గరి సంబంధాల్లోనే కట్టిస్తూ పోతే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ఒకే లోపమున్న జన్యువు పిల్లకు చేరే అవకాశం పెరుగుతుంది. క్రాస్‌లో అది తగ్గుతుంది. ముక్కు నొక్కుకుపోయిన పగ్ ఎండాకాలంలో పడే అవస్థ మూతి పొడవున్న కుక్కకు ఉండదు. అయితే ఈ లాభానికి హద్దుంది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్యశాల రికార్డుల నుంచి 27 వేల పైచిలుకు కుక్కలను తీసుకుని 24 వంశపారంపర్య జబ్బులను పోల్చి చూసి 2013లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 10 జబ్బులు జాతికుక్కల్లో ఎక్కువ. 13 జబ్బుల్లో తేడా లేదు. మోకాలి లిగమెంటు తెగడం ఒక్కటి మాత్రం మిశ్రమజాతి వాటిలోనే ఎక్కువ కనిపించింది.

పాడి రైతులకు ఇది కొత్త విషయం కాదు. జెర్సీ క్రాస్ మొదటి తరంలో కనిపించే బలం, ఆ క్రాస్‌లను మళ్లీ వాటిలో వాటికే కట్టిస్తూ పోతే అలాగే నిలవదు. కుక్కల్లోనూ అంతే. పైగా లాబ్రడార్‌కూ, జర్మన్ షెపర్డ్‌కూ రెంటికీ తుంటి కీలు జబ్బు ఉంది, కాబట్టి ఆ రెంటి క్రాస్‌కు అది తప్పుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకు ఎంత తిన్నా ఆకలి తీరనివ్వని జన్యులోపం ఉందని కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో తేల్చారు. లాబ్ క్రాస్‌లకూ అది రావచ్చు, కాబట్టి ఒళ్లు చేస్తున్న లాబ్ క్రాస్‌ను చూసి 'పుష్టిగా ఉంది' అని మురిసిపోకండి.

స్వభావం గురించి కూడా ఒక ముక్క. ఫలానా జాతి అయితే శాంతంగా ఉంటుంది, క్రాస్ అయితే ఏం చేస్తుందో చెప్పలేం అనేవాళ్లు ఎక్కువ. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 18 వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నించి, రెండు వేల పైచిలుకు కుక్కల జన్యువులను చదివారు. కుక్కకూ కుక్కకూ మధ్య ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వల్ల వచ్చేది 9 శాతం దగ్గరే అని తేలింది. మిగతాది ఆ కుక్క పుట్టుక, పెరిగిన తీరు, చిన్నతనంలో చూసిన లోకం. అందుకే పిల్ల ఏ జాతి అన్నదాని కంటే ఏ వయసులో వచ్చింది, అప్పటిదాకా ఎక్కడ పెరిగింది అన్నది అడగడం ముఖ్యం.

వయసు పళ్లను బట్టి తెలుస్తుంది. ముందరి పాలపళ్లు మూడు, నాలుగు వారాలకు మొలుస్తాయి. ఎనిమిది వారాలకు 28 పాలపళ్లూ ఉంటాయి, సూదుల్లా. ముందరి పళ్లు ఊడి పెద్ద పళ్లు రావడం మూడో నెల నుంచి అయిదో నెల మధ్య, కోరలు అయిదు, ఆరు నెలలకు. ఏడు నెలలకు 42 పళ్లూ పూర్తవుతాయి. 'రెండు నెలల పిల్ల' అని చేతిలో పెట్టినదానికి దవడ పళ్లు ఇంకా మొలవకపోతే అది నెల రోజుల పిల్ల అని అర్థం. ఎనిమిది వారాల లోపు తల్లి నుంచి విడదీయకండి. తోబుట్టువులతో ఆడుకునేటప్పుడే ఎంత గట్టిగా కొరికితే ఎదుటిది కుయ్యిమంటుందో పిల్లకు తెలిసేది. ఆ పాఠం అందని పిల్ల ఇంట్లో చేతులు కొరుకుతుంది.

చేతిలోకి తీసుకున్నప్పుడు పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. తెల్లగా పాలిపోయి ఉంటే కడుపులో నట్టలో (పురుగులో), ఒంటిమీద పిడుదులో రక్తం పీలుస్తున్నట్టే. పొట్ట కుండలా ఉబ్బి పక్కటెముకలు తేలి ఉంటే నట్టలు. కంటి చుట్టూ, చెవి అంచున వెంట్రుకలు రాలి పొట్టు లేస్తుంటే గజ్జి. అది మనుషులకూ పాకే రకం అయి ఉండొచ్చు, కాబట్టి ముందు డాక్టరుకు చూపించాలి. పెద్దయ్యాక ఎంత బరువుంటుందో అంచనాకు ఒక లెక్క ఉంది. మధ్యరకం కుక్కల్లో నాలుగు నెలలప్పటి బరువుకు రెట్టింపు దగ్గర ఆగుతుంది. పెద్దరకం పోలికలుంటే అయిదు నెలల బరువు రెట్టింపు చేసుకోండి. రెండు గదుల అపార్టుమెంటులో ఉండేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకుంటే ఏడాది తిరక్కుండా వదిలించుకునే పరిస్థితి రాదు.

ఇక టీకాలు. పుట్టిన తొలిరోజు ముర్రుపాలతో తల్లి నుంచి రక్షణ పిల్లకు అందుతుంది. వీధి తల్లికే రక్షణ సరిగా లేకపోతే పిల్లకు అందేది అంతంతమాత్రం. అందినా అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. ఉన్నంతకాలం వేసిన టీకాను అదే నిర్వీర్యం చేస్తుంది. ఆరు వారాలకు ఒక్క ఇంజెక్షన్ చేయించి 'టీకా అయిపోయింది' అనుకునే ఇళ్లలో పార్వో వచ్చేది ఇందుకే. పార్వో లాంటి జబ్బులకు కలిపి వేసే, దుకాణాల్లో సెవెన్ ఇన్ వన్ అనే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి మూడు, నాలుగు వారాల ఎడంతో వేస్తూ పోవాలి. చివరి డోసు 16 వారాలు నిండాక పడాలి. ఆ చివరిది తప్పితే ముందువన్నీ వేసినా లాభం ఉండకపోవచ్చు. యాంటీ రేబిస్ మూడు నెలలకు, మళ్లీ నెల తర్వాత ఒక బూస్టరు, ఆపై ఏటా. టీకా సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మందుల షాపులో కొని, పాలిథిన్ కవర్లో పెట్టుకుని, మే నెల మధ్యాహ్నం బండి మీద అరగంట తిరిగి తెచ్చిన సీసాలో మిగిలేది నీళ్లే. ఐస్ ప్యాక్ లేకుండా తేవద్దు. సీసా మీది స్టిక్కరు టీకా కార్డులో అతికించమని డాక్టరును అడగండి. జ్వరంగా, విరేచనాలతో ఉన్న పిల్లకు టీకా వేయించవద్దు.

పార్వో లక్షణాలు ఒకదాని వెంట ఒకటి వరుసకడతాయి. పిల్ల తిండి మానేస్తుంది, వాంతి చేసుకుంటుంది, ఆపైన రక్తంతో కలిసిన నీళ్ల విరేచనం, దానికి ఒక ప్రత్యేకమైన నీచు వాసన. ఒంట్లో నీరు పోయి చనిపోయేదే ఎక్కువ. అందుకే మొదటి రోజే సెలైన్ ఎక్కించాలి. నోటితో మజ్జిగ, ఓఆర్ఎస్ పట్టిస్తూ రెండు రోజులు ఇంట్లో ఉంచితే ఆ నీళ్లూ వాంతిలోనే పోతాయి. వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కు చావదు. లీటరు నీళ్లలో 6 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి, నేల ముందు సబ్బుతో కడిగి, ఆ తర్వాత పది నిమిషాలు తడిగా ఉంచాలి. బ్లీచింగ్‌లో ఫినాయిల్, యాసిడ్ కలపవద్దు. పిల్ల చనిపోయిన ఇంటికి వెంటనే ఇంకో పిల్లను తేవద్దు. తెచ్చినా టీకాలన్నీ పూర్తయిన దానినే తేవాలి.

నట్టల మందు రెండు వారాల వయసు నుంచి మూడు నెలల దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి. పసిపిల్లలున్న ఇంట్లో ఇది వాయిదా వేసే పని కాదు, కుక్క నట్టల గుడ్లు ఇసుకలో ఆడే పిల్లల నోట్లోకి పోతాయి.

తిండి విషయంలో పెరుగన్నం మీద నాటు కుక్క బతికేస్తుందన్నది నిజమే, కాకపోతే బతకడం వేరు, బాగా ఉండడం వేరు. సంతానం ఆపే ఆపరేషన్ అయిన 20 కిలోల పెద్ద కుక్కకు రోజుకు వెయ్యి కిలోకాలరీలు కావాలి. ఇంటి తిండిలో అయితే 400 గ్రాముల అన్నం, ఎముకల్లేని ఉడికించిన చికెన్ 200 గ్రాములు, ఒక గుడ్డు, గుమ్మడికాయో క్యారెటో వంద గ్రాములు, ఒక చెంచా నూనె. ఇందులో కాల్షియం లేదు. ఎండబెట్టి మెత్తగా దంచిన గుడ్డు పెంకు పొడి అర టీస్పూను పైచిలుకు రోజూ కలపాలి, విటమిన్ల పొడి డాక్టరు చెప్పినది. పెరిగే పిల్లకు మాత్రం ఈ కొలతలు వాడవద్దు, దాని అవసరం వేరు. పిల్లకు మూడు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, ఆపై రెండుసార్లు పెట్టండి. మిగిలిన సాంబారు, కూర కలిపి పెట్టడం మానేయాలి, అందులోని ఉల్లిపాయ ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది. 10 కిలోల కుక్కకు 150 గ్రాముల ఉల్లి ప్రమాదం తెచ్చేంత. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా పెట్టకూడదు. ఉడికించిన కోడి ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది. జ్వరం వస్తే మనిషి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేయవద్దు.

పిడుదులు మన దగ్గర ఏడాది పొడవునా ఉంటాయి. ఆడ పిడుదు కుక్కను వదిలి గోడ పగులులోకి పోయి వేలల్లో గుడ్లు పెడుతుంది, అందుకే కుక్కకు ఒక్కదానికే మందు వేసి, గోడలు వదిలేస్తే వారం తిరగకుండా మళ్లీ ఎక్కుతాయి. ఉన్నట్టుండి నీరసం, పాలిన చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం, తగ్గని జ్వరం కనిపిస్తే పిడుదు జ్వరం అనుమానించి రక్తపరీక్ష చేయించండి. పశువులకు నట్టలు, పిడుదులు పోవడానికి వాడే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను కొలత చూడకుండా కుక్కకు వేసేవాళ్లు ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. కోలీ, షెపర్డ్ రక్తం ఉన్న కుక్కల్లో కొన్నిటికి ఆ మందు మెదడులోకి చేరి ప్రాణం తీయగలదు. క్రాస్ పిల్లలో ఎవరి రక్తం ఉందో ఎవరికీ తెలియదు గదా!

సంతానం ఆపే ఆపరేషన్ సాధారణంగా ఆరు నెలలకు చేస్తారు. పెద్దయ్యాక 20 కిలోలు దాటుతుందని అనిపించే క్రాస్‌కు ఏడాది నిండాక చేయించడం మేలు, ముందే చేస్తే కీళ్ల జబ్బులు పెరుగుతున్నట్టు 2020లో మిశ్రమజాతుల మీద వచ్చిన అధ్యయనం చెబుతోంది. అప్పటిదాకా ఆడదాన్ని ఎదకు వచ్చినప్పుడు వీధి కుక్కలకు అందకుండా చూసుకునే పూచీ మనదే. ఆపరేషన్ చేయని ఆడకుక్కకు ఎద అయిన నెల, రెండు నెలలకు విపరీతమైన దాహం, నీరసం, తెల్లబట్టలా చీము కనిపిస్తే గర్భసంచిలో చీము పట్టినట్టు అనుకుని అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వీధి నుంచి తెచ్చిన పెద్ద కుక్కకు మర్మాంగం నుంచి చుక్కచుక్కగా రక్తం పడుతుంటే అది ఎద అనుకుని వదిలేయవద్దు. జతకట్టడం ద్వారా అంటుకునే ఒక రకం గడ్డ వీధికుక్కల్లో ఎక్కువ. వారానికొకటి చొప్పున విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఇంజెక్షన్లు కొన్నిటితో చాలావరకు నయమవుతుంది.

కాటు గురించి చెప్పకుండా ఈ ఉత్తరం పూర్తి కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపిన తర్వాత తల్లిదండ్రుల్లో ఉన్న భయాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. ఇంట్లో పెరిగే కుక్క విషయంలో ఆ భయానికి మందు చిన్నప్పుడే వేయాలి. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా పిల్ల చూసినదల్లా దానికి మామూలు విషయమైపోతుంది. కుక్కర్ విజిల్, ఆటో, గొడుగు, హెల్మెట్, చేతికర్రతో నడిచే తాతగారు, ఏడ్చే పాపాయి, అన్నీ ఆ రోజుల్లోనే దూరం నుంచి, తిండి పెడుతూ చూపించాలి. టీకాలు పూర్తికాలేదని లోపలే బంధించకుండా ఎత్తుకుని తిప్పండి, నేలమీద మాత్రం దింపవద్దు. ఆరు నెలలు వీధిలో బెదురుగా పెరిగిన కుక్కను తెస్తే వారాలు, నెలలు ఓపిక పట్టాలి, చిన్నపిల్లలున్న ఇంటికి అది సరైన ఎంపిక కాదు. తింటున్న, నిద్రపోతున్న కుక్క జోలికి పిల్లలు పోకూడదు. మొహంలో మొహం పెట్టి ముద్దు చేయనీయకండి.

వీధి నుంచి తెచ్చిన పిల్లకు అప్పటికే రేబిస్ సోకి బయటపడకుండా ఉండే అవకాశం ఉంది. తెచ్చిన కొద్ది వారాల్లో నోట చొంగ, తూలడం, గొంతు మారడం కనిపించి చనిపోతే దాన్ని తాకిన ఇంట్లోవాళ్లంతా ఆసుపత్రికి వెళ్లాలి. ఏ కుక్క కరిచినా, మన ఇంటిదైనా, గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఏదీ రాయవద్దు. చర్మంలోకి ఇచ్చే టీకా కరిచిన రోజు, 3, 7, 28 రోజుల్లో ఉంటుంది. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే ప్రతిరక్షకాల మందు) కూడా వేయాలి. కుక్కను పది రోజులు గమనించాలి, టీకా మాత్రం అప్పటిదాకా ఆపకూడదు. బొడ్డు చుట్టూ ఇంజెక్షన్ల కాలం ఎప్పుడో పోయింది.

2025 ఆగస్టు 22న ఢిల్లీ పరిసరాల కుక్కలపై ఇచ్చిన ఉత్తర్వులో సుప్రీంకోర్టు దత్తతకు వీలిస్తూనే, తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదే అని చెప్పింది. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960 ప్రకారం కుక్కను పొద్దస్తమానం గొలుసుకు కట్టి తిప్పకుండా ఉంచడం కూడా నేరమే. నాటు కుక్కే గదా అని గేటు దగ్గర కట్టేసేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

దత్తత మేళాలు జరిపే పురపాలక సంఘాలకు, సంస్థలకు మా విన్నపం ఇంతే. ఎనిమిది వారాలు నిండని పిల్లను ఇవ్వకండి. ఇచ్చే ముందు నట్టల మందు, మొదటి టీకా వేసి, తర్వాతి డోసుల తేదీలు రాసిన తెలుగు కార్డు చేతికివ్వండి. తల్లి ఎలా ఉంటుంది, పిల్ల ఎంత బరువు పెరగొచ్చు అన్నది అంచనాగానైనా రాయండి. ఆపరేషన్ తేదీకి ఫోన్ చేసి గుర్తు చేయండి. తీసుకున్నవారు పెంచలేకపోతే కుక్కను వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉంచండి. అది లేకనే ఇవ్వాళ ఫోటోలు దిగి తీసుకెళ్లిన పిల్ల ఆరు నెలలకు ఊరి చివర హైవే మీద కనిపిస్తోంది.

ఇట్లు,
కొందరు పశువైద్యులు,
కాకినాడ